క్రేన్ గదిలో జ్వరం

లియావ్ చాంగ్‌గెన్ పదకొండేళ్లుగా చైనాలోని చోంగ్‌చింగ్ నగరంలో టవర్ క్రేన్ నడుపుతున్నాడు. పొద్దున్నే అరవై మీటర్ల నిచ్చెనెక్కి అద్దాల గదిలో కూర్చుంటే మళ్లీ దిగేది భోజనానికే. మధ్యలో ఒంటికని దిగితే పని ఆగిపోతుంది, మేస్త్రీ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. అందుకని నీళ్లు తాగడమే తగ్గించేశాడు. కింద నిలబడి వాకీటాకీలో దారి చెప్పేది అతని భార్య గుయిజెన్.

ఆ చలికాలం మూత్రంలో మంట మొదలైంది. కూర్చుంటే కాళ్ల సందున మేకు దిగినట్టు నొప్పి. భార్య పక్కన పడుకోవడం మానేశాడు. సందులో మగవాళ్ల జబ్బులకు బోర్డు కట్టుకున్న ఒకడు నాడైనా పట్టకుండానే, "బయటి తిరుగుళ్లు తిరిగావు కదూ?" అని సూదులు పొడిచాడు. సుఖరోగమని రాసిన ఆ మందుల చీటీ గుయిజెన్ కంటపడింది.

"ఎవతె అది?"

"ఎవతీ లేదే!"

"మరి ఈ రోగం ఆకాశంలోంచి ఊడిపడిందా? నువ్వుండేదీ అక్కడే కదా!"

అప్పట్నుంచి నెల రోజులు ఆమె నోట "ఎత్తు, దించు, ఎడమకు" తప్ప మరో మాట లేదు.

ఒక ఉదయం ఇనుప కడ్డీల మోపు గాలిలో ఉండగా అతనికి జ్వరంతో వణుకు పట్టుకుంది. ముందురోజు నుంచి చుక్క మూత్రం రాలేదు. పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది. ఎలాగో మోపు నేలకు దించి, "ఇక నా వల్ల కాదు" అన్నాడు వాకీటాకీలో.

"నిచ్చెన వైపు తిరుగు. కుడికాలు వెయ్. ఆగు, ఊపిరి తీసుకో. ఇప్పుడు ఎడమది. కిందకు చూడకయ్యా, నేనున్నాను కదా!"

అలా మెట్టు మెట్టుకూ చెబుతూ గుయిజెన్ అతన్ని నేలకు దించింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ముందు గొట్టంతో మూత్రం తీయించింది.

"మూత్రసంచి కింద అక్రోటు కాయంత ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. మూత్రనాళం దాని మధ్యలోంచే పోతుంది. క్రిములు చేరి ఆ గ్రంథి వాచింది, చీము పట్టింది. గంటల తరబడి ఆపుకోవడమూ మంచిది కాదు. మొదట్లోనే వచ్చుంటే మందులతోనే తగ్గేది."

"అంటే... ఆడవాళ్ల వల్ల కాదా?" అని అడిగింది గుయిజెన్.

"పరీక్షల్లో అలాంటిదేమీ లేదమ్మా."

చీము తీశారు. ప్రాణం దక్కింది, నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు. అరగంట కూర్చోలేని మనిషికి క్రేన్ ఎవరిస్తారు? గేటు దగ్గర నిలబడే పని ఇచ్చారు.

"నన్ను తిట్టు, కొట్టు. ఇలా మాట్లాడకుండా ఉండకు" అంది గుయిజెన్ ఒకరోజు, జావ గిన్నె అందిస్తూ.

"నిన్నేమని తిట్టను? నువ్వూ ఆ సూదులు పొడిచినవాడూ కలిసి అంటుంటే, ఏ తాగిన మత్తులోనో నిజంగా తప్పు చేశానేమోనని నాకే అనుమానమొచ్చింది."

ఆమె గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అతను గోడ వైపు ఒత్తిగిలి పడుకున్నాడు.