అన్నయ్య గీసిన తరంగం

అన్నయ్య పోయి నెల తిరక్కుండానే అతని పరిశోధన పేపర్ సైన్స్ పత్రిక నుంచి వెనక్కి వచ్చింది. ధూళి నిండిన గాలిలోకి, పేలుడులో పుట్టేలాంటి షాక్ తరంగం దూసుకుపోతే ఏమవుతుందో కంప్యూటర్ మీద లెక్కగట్టడం మా ఇద్దరి పని. అతని పేరు మీద రాబోయే చివరి పేపర్ అది. పత్రిక తరఫున దాన్ని చదివిన పరిశీలకుడు అడిగింది ఒక్కటే: మొత్తం శక్తి మారడం లేదని చూపండి.

మా ఆఫీసు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల పై అంతస్తులో. లెక్క మళ్లీ నడిపించాను. శక్తి నిలవలేదు, మెల్లగా పెరుగుతూ పోయింది. పక్క సీటు సహోద్యోగి తొంగిచూశాడు.

"గ్రాఫ్ స్కేలు జర పెద్దగ పెట్టక్కా. గీత సీదా కనిపిస్తది."

"కళ్లజోడు తీసేసినా సీదాగానే కనిపిస్తుంది."

"గట్లయితే ఇగ పేపర్ పోయినట్టే," అని నవ్వాడు.

పీడనం సున్నా కంటే కిందికి దిగితే అక్కడ ఒక కనీస విలువ పెట్టేలా అన్నయ్య ప్రోగ్రామ్‌లో ఒక లైను రాశాడు. లెక్క మధ్యలో ఆగకుండా చాలామంది చేసేదే. కానీ అలా పెట్టిన ప్రతిసారీ లేని శక్తిని కలుపుతున్నాం. ఆ లైను తీసేశాను. ధూళి మేఘం అంచు దగ్గర లెక్క కూలిపోయింది.

వారమంతా ఆ అంచునే చూశాను. గాలి రేణువును ఎంత తోస్తే, రేణువు గాలిని అంతే వెనక్కి తోయాలి. లెక్క కోసం గాలినంతా చిన్న చిన్న గడులుగా విడదీస్తాం. మేం తోపును రేణువు ఉన్న గడిలో లెక్కగట్టి, ఎదురు బలాన్ని అది జరిగి చేరిన గడిలో వేస్తున్నాం. మామూలు గాలిలో పక్కపక్క గడులు దాదాపు ఒకటే కాబట్టి తప్పు బయటపడదు. షాక్ దగ్గర వాటికి పొంతనే ఉండదు.

సరిచేశాను. శక్తి నిలిచింది. కానీ మేఘాన్ని తాకి వెనక్కి మళ్లే తరంగం అన్నయ్య గీసినదానికన్నా బాగా బలహీనంగా వచ్చింది. అది బలంగా వస్తుందన్నదే అతని పేపర్.

పంజాగుట్టలో వదిన ఇంటికి వెళ్లి తరంగం బొమ్మలు రెండూ, అన్నయ్యదీ నాదీ, చూపించాను.

"ఏంటి, ఆయన తప్పని రాస్తావా?"

"ఆయన పేరు మీదే రాస్తాను వదినా."

"ఆయనుంటే ఒప్పుకునేవారా?"

"ముందు నాతో దెబ్బలాడేవాడు."

"అన్నం మానేసి మరీ," అంది వదిన. కాసేపు ఆ బొమ్మలనే చూసింది. "సరే, పంపించు."

ఆఫీసుకు తిరిగొచ్చి అతని బొమ్మ తీసి కొత్తది పెట్టాను. మొదటి పేరు అతనిదే ఉంచాను. 'తరంగం బలహీనపడుతుంది' అన్న వాక్యం ఆ పేరు కింద టైపు చేయడానికే చాలాసేపు పట్టింది. చేసి పంపాను.