నేను పీకిన మేకు

తుఫాను సముద్రం మీంచి వస్తుంది, వరద ఏట్లోంచి వస్తుంది. నా సర్వనాశనం మాత్రం పట్టకారు పట్టుకుని వచ్చింది. అదీ అత్తవారింట్లో, నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో, పట్టపగలు. గుండె చిక్కబట్టుకుని చదవండి.

అప్పటికి మా పాప పుట్టి నెల. మనిషి జానెడు, గొంతు గూడ్సు ఇంజనుది. ఏడుపు అందుకుందంటే యార్డులో షంటింగు ఆగిపోయేదని వినికిడి. ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు. ఉయ్యాల ఊపీ ఊపీ మా ఆవిడ పార్వతి చెయ్యి, ఉయ్యాల లేకపోయినా గాలిలో ఊగుతుండేది.

అది చూడలేక పార్వతివాళ్ల మామ్మ అటక మీంచి ఒక చెక్కపెట్టె దింపించింది.

“బాబూ, ఇది మీ తాతది. మళ్లీ తిరిగితే సాలు, పిల్ల నిద్రోతాది. తిప్పగలవేటి?” అని, సంచీ పట్టుకుని బజారుకెళ్లింది.

మూత తీశాను. గుండ్రటి పళ్లెం, పక్కన కీ ఇచ్చే పిడి. పెట్టెతో పాటు దిగిన గోనెసంచిలో విడిగా ఇత్తడి బాకా, సూది బిగించే చెయ్యి. ఎంత వెతికినా తయారుచేసినవాడి పేరు లేదు. ఫోనులో ప్రపంచంలోని పాత గ్రామఫోనులన్నీ తిరగేసి, గొంతు సవరించుకుని ప్రకటించాను.

“గ్రామఫోను! లండన్‌లో ఏ రాణిగారికో సేసుంటారు. రాణీలు వస్తువుల మీద పేరేయించుకోరు.”

పక్క క్వార్టరు బెంగాలీ ఘోష్ దాదా తొంగిచూశాడు. మా మధ్య ఉండి ఉండి ఆయనకి మా తెలుగే వచ్చేసింది గాని, అందర్నీ దాదా, అంటే అన్నా, అనడం పోలేదు. “ఠీక్ హై. మరి ఈ మేకేటి దాదా?”

పళ్లెం అంచున నిటారుగా, లావుపాటి మేకు. అది ఉంటే రికార్డు కూర్చోదు.

“ఎవడో మూర్ఖుడి పని. రాణిగారి సొత్తుకి తగిలిన గాయం!”

“మామ్మని అడిగి పీకండి,” అంది పార్వతి.

“మామ్మకి మిషన్లు ఏటి తెలుస్తాయి?”

పాఠకులారా, ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు.

మేకు నాతో కురుక్షేత్రమే చేసింది. పెట్టె మీద నా కాలు, పట్టకారు మీద నా చేతులు, నా నడుం పట్టుకుని ఘోష్ దాదా. ఊడింది! ఇద్దరం వెళ్లి బియ్యం చాటలో పడ్డాం. లేచి బాకా బిగించి, ఘోష్ దాదా ఎప్పుడో గోల్ బజార్లో కొన్న పాత రికార్డు పెట్టి, కీ ఇచ్చాను.

సరిగ్గా అప్పుడే పాప కన్ను మూతపడింది. పార్వతి రెండు చేతులూ ఊపుతూ వద్దని సైగ చేసింది. నేను శభాష్ అంటోందనుకున్నాను.

ఆ శబ్దాన్ని ఏమని వర్ణించను? వంద బళ్లు ఒక్కసారి బ్రేకు వేస్తే, ఆ బ్రేకులకి జలుబు చేస్తే, అలా ఉంది. పాప లేచింది. పాపతో పాటు వీధంతా లేచింది.

మామ్మ సంచీతో గుమ్మంలో నిలబడింది. చూపు పళ్లెం మీదే. “మేకేదిరా నాయనా?”

“పీకీసినాను మామ్మా. ఎవడో మూర్ఖుడు...”

“ఆ మూరుకుడు మీ తాతే.”

చేతిలో పట్టకారు మెల్లగా వీపు వెనక్కి దాచాను.

“మీ మావ పసోడప్పుడు ఇలాగే ఏడిసీవోడు. మీ తాత వర్క్‌షాపు నుంచొచ్చి నిద్దర్లేక, పాటలపెట్టికి బాకా పీకీసి, ఆ మేకు అతికినాడు. మేకుకి తాడు, తాడుకి ఉయ్యాల. పళ్లెం తిరిగితే ఉయ్యాల ఊగీది. పాటలు ఇందామనా నేను దింపించినాను?”

“లండన్ రాణీకి కూడా పిల్లలేడిసీవారేమో దాదా,” అన్నాడు ఘోష్ దాదా, జుట్టులోంచి బియ్యం దులుపుకుంటూ.

మామ్మ సంచీ కింద పెట్టింది. తాడు తెచ్చి ఒక కొస ఉయ్యాలకి కట్టింది. రెండో కొస నా కాలి బొటనవేలికి కట్టింది.

“ఇదేటి మామ్మా?”

“మేకు పీకీసినావు కదా బాబూ. ఇంక నువ్వే మేకువి.”

కాలు ఆడించాను. ఉయ్యాల ఊగింది. పాప నిద్రపోయింది. ఉయ్యాల పక్కనే, గోడకి ఆనుకుని పార్వతి కూడా.

పాప నడక నేర్చేదాకా ఆ ఉద్యోగం నాదే. కీ ఇచ్చేవారు కూడా లేరు. అందుచేత ఆ ఇత్తడి బాకా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఎవరింట్లోనూ, పెద్దవాళ్లని అడక్కుండా, ఏ మేకూ పీకను. నమ్మకపోతే మామ్మ ఎదుట నన్ను కూర్చోబెట్టి చూడండి. బొటనవేలు దానంతటదే ఊగుతుంది.