సెకండ్ హ్యాండ్ కెమెరా ముందు నాన్న

పిట్టల ఫోటోలు తీద్దామని చవకలో కొన్న సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ కెమెరా ఈ రోజు నాన్న మీదికి తిప్పాల్సొచ్చింది.

మేం బతకొచ్చిన సూరత్ నవాగామ్‌లో మా పక్కింటాయన కరోనాతో పోయాడు. దండ వెయ్యడానికి వేరే ఫోటో లేక ఆధార్ కార్డుదే పెద్దది చేయించారు. అందులో ఆయన ఆయనలా లేనే లేడు. నిన్నటి నుంచి దగ్గుతున్న మా నాన్న అది గుమ్మంలోంచి చూసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చి నా ముందు కూర్చున్నాడు.

“నాది జర మంచిగ తియ్యి బిడ్డా. గోడకు పెడితె మంచిగ కనవడాలె.”

ఫోకస్ కుదిరింది కానీ నొక్కడానికి వేలు రాలేదు.

“బ్యాటరీ అయిపోయింది బాపూ.”

“అయితే ఛార్జింగ్ పెట్టు. గిట్లనే కూసుంట.”

బ్యాటరీ నిండుగానే ఉంది. నాన్న ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. పళ్ళన్నీ కనబడేలా నవ్వే ఫోటోకు ఎవరూ దండ వెయ్యరు కదా? నాన్నను నవ్వించే జోకు ఒకటి తొందరగా చెప్పండి.