దారి లేని అడవి

పొద్దున జడ వేసుకుంటుంటే గోళ్లలో ఇంకా ఆకుపచ్చ రంగు కనిపించింది. మార్కాపురంలో ఒక పళ్ల డాక్టరుగారి క్లినిక్‌లో, పేషెంట్ల భయం తగ్గాలని, గోడ నిండా దట్టమైన అడవి బొమ్మ వేశాను. కాగితం వదిలి గోడ మీద వేయడం ఇదే మొదటిసారి.

పుల్లలచెరువు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ దవడ పట్టుకుని ఆ బొమ్మను కాసేపు చూసి, కుర్చీ అవతలి వైపు తిప్పుకుంది.

"ఏంది పాపా, దారి లేకుండా ఇట్ల కమ్మేసినావు? ఎలుగుబంటి వస్తే యాడికి పోవాల?"

"మనశ్శాంతి కోసం, పెద్దమ్మా."

"ఎవురికి, ఎలుగుబంటికా?"

అందరూ నవ్వారు. డాక్టరుగారు మాత్రం, "దారి గీయమ్మా, లేకుంటే తెల్లరంగు కొట్టిస్తా" అన్నారు. నాకు బాగా కుదిరిన రెండు చెట్లను మట్టిరంగుతో పూడ్చేసి దారి తీశాను. పెద్దమ్మ కుర్చీ మళ్లీ బొమ్మ వైపు తిప్పుకుంది.

బొమ్మలో అడవికి కూడా దారి కావాలా? మీరైనా చెప్పండి.

నిజానికి నేను నల్లమల అడవిని బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు.