చొల్బే నా

మా ఆయనకు బెంగాల్‌లోని ఖిదిర్‌పూర్ రేవులో ఉద్యోగం. ఆదివారాలు మా క్వార్టర్స్ పిల్లలకు నేను తెలుగు నేర్పేదాన్ని. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లలు 'అ' చూపిస్తే తెల్లమొహం వేసేవారు. కొందామంటే అక్కడ వాచకాలు దొరకవు. ఎవరిదో ఆఫీసులో తీసేసిన కంప్యూటర్ మా ఇంటికి చేరితే, దాని మీదే పాఠాలు కొట్టి, అచ్చు తీసి పంచేదాన్ని.

ఒకరోజు వైరస్ పట్టి అది మొరాయించింది. ఇక తరగతి మూతపడ్డట్టేనని నాకు ఏడుపొచ్చింది. దాన్ని రిక్షాలో వేసుకుని, శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చిన అత్తగారిని తోడు తీసుకుని, రిపేరు దుకాణానికి వెళ్లాను. దుకాణం నడిపే బెంగాలీ దాదా కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు పెట్టి చూశాడు. ఇంత పాత ప్రాసెసర్ మీద అది ఎక్కనంది. దాదా పెదవి విరిచి "చొల్బే నా" అన్నాడు. నడవదని.

అత్తగారికి వచ్చిన బెంగాలీ అంతా 'చొల్బే' ఒక్కటే. నడుస్తుంది అని. చివర 'నా' వినపడితే, మన 'నడుస్తుందా'లాగా అదేదో ప్రశ్న అనుకునేవారు. నిరసన ఊరేగింపుల్లో జనం "చొల్బే నా, చొల్బే నా" అని గొంతు చించుకుంటుంటే, "అన్నిసార్లు అడుగుతన్నారు, ఒక్కడూ బదులు సెప్పడేటి?" అని జాలిపడేవారు కూడా.

ఇక్కడ ఆ బదులేదో తానే చెప్పారు.

"చొల్బే దాదా, చొల్బే! మొన్నటిదాకా నడిసింది కదేటి?"

దాదా పగలబడి నవ్వాడు. నవ్వాక ఇక కాదనలేక, బల్ల కింద వెతికి ఇంకో డిస్కు తీశాడు. ఊరూ పేరూ తెలియని వాళ్లెవరో రాసి ఉచితంగా పంచే సిస్టమ్ అది. పాత ప్రాసెసర్లను ఇంకా వదిలిపెట్టలేదట. మధ్యాహ్నానికల్లా నా పాఠాలు తెర మీదికొచ్చాయి.

పాత ప్రాసెసర్లను ఎన్నాళ్లని మోస్తారు, కొత్త పని వెనకబడదా అని కొందరు ఇప్పటికీ వాదిస్తుంటారు. నిజమే, ఆ బరువు మోసేవాళ్లకే తెలుస్తుంది. కొన్నేళ్లకు ఆ సిస్టమ్ కూడా మా ప్రాసెసర్‌ను వదిలేసింది. నాకు కోపం రాలేదు. అప్పటికి మా క్వార్టర్స్ పిల్లలు సెలవులకు సొంతూళ్లకు వెళ్తూ దారిలో తెలుగు స్టేషన్ బోర్డులు కూడబలుక్కోకుండా చదివేస్తున్నారు. అంతవరకూ మోసిన ఆ మహానుభావులకు ఈ రోజుకీ మనసులో దండం పెట్టుకుంటాను.

'నా' అంటే కాదని అత్తగారికి నేను చెప్పలేదు, దాదా కూడా చెప్పలేదు. ఆవిడ బజారులో కనిపిస్తే చాలు, దుకాణంలోంచి ఆయనే "చొల్బే నా, మాషీమా?" అని కేకేసేవాడు, ఆవిడ నోట ఆ జవాబు వినడానికి.