ఒకే బొంత మీద

బోరంచ అమ్మవారికి మొక్కు చెల్లించి వస్తుంటే వాగు దగ్గర మా ఎడ్లబండి ఒరిగిపోయింది. మూడు నెలల కొడుకును గుండెలకు అదుముకుని వెల్లకిలా పడ్డాను. వాడికి చిన్న గీత కూడా పడలేదు. నన్ను మాత్రం మంచం మీద ఇంటికి మోసుకొచ్చారు.

నారాయణఖేడ్‌లో హకీం సాబ్ చూసి, నడుం ఎముక విరగలేదన్నాడు, కదలకుండా పడుకోమన్నాడు. పడుకోవడం నాకు చేతకాని పని. అయినా జొన్న కోతలు అయ్యేదాకా నులక మంచంలో గుంట చేసుకుని పడుకున్నాను. నొప్పి తగ్గింది గాని, ఒళ్లే నా మాట వినడం మానేసింది. పక్కకు తిప్పాలంటే ఇద్దరు పట్టాలి. కొడుకును పాలకు నా పక్కలో వేసి, మళ్లీ తీసుకుపోయేవాళ్లు. వాడు రోజురోజుకూ బరువెక్కుతున్నాడు. వాణ్ని ఎప్పటికైనా ఎత్తుకుంటానా అన్నదొక్కటే నా బెంగ. ఏడుపొస్తే వాడు అత్త కొంగు వెతుక్కునేవాడు. చెప్పకేం, నాకు ఒళ్లు మండేది.

మా అత్తది సరిహద్దున ఉన్న నాగల్‌గిద్ద వైపు. కోపమొస్తే కన్నడం, ప్రేమొచ్చినా కన్నడమే. ఒక పొద్దున మంచం తీసి వాకిట్లో నిలబెట్టి, నన్ను నేల మీద బొంతపై పడుకోబెట్టింది. పక్కన వాణ్ని వేసింది.

"నోడు! చూడు వాన్ని. వాడెట్ల చేస్తుండో నువ్వు గట్లనే చెయ్యి."

"నేనేమన్న పసిపోరినా అత్తమ్మా?"

"వానికన్న అధ్వానమున్నవ్. వాడు తిరగనీకె చూస్తుండు. నువ్వు గది గూడ చూస్తలేవు."

ఉడుక్కుంటూ వాడివైపు చూశాను. అలాగే చూస్తూ ఉండిపోయాను. వాడు నడుమును అసలు కష్టపెట్టడం లేదు! మోకాళ్లు పొట్ట మీదికి తెచ్చుకుంటాడు. ఊపిరి వదులుతాడు, బొజ్జ లోపలికి పోతుంది. ముందు కళ్లు, తర్వాత మెడ, భుజం, చివరికి తుంటి, తొందర లేకుండా ఒకదాని వెంట ఒకటి తిరుగుతాయి. వీడికి ఇదంతా ఎవరు నేర్పారు? నా కడుపున పుట్టిన ముద్దకు నాకే తెలియని ఇంత విద్య ఎక్కడిది?

వాడిలాగే మొదలుపెట్టాను. ఊపిరి వదిలి పొట్టను వెన్నుకు అంటించడం ఒక్కటే కొన్నాళ్లు. తర్వాత మోకాళ్లు. వాడు సగం తిరిగి పడిపోతే నవ్వేవాడు, నేను తిట్టుకునేదాన్ని. వాడు బోర్లా పడిన రోజు ఆచారం ప్రకారం అత్త పూర్ణం పోలెలు చేసి వాడకట్టంతా పంచింది. వారం తిరక్కుండా నేనూ ఎవరూ పట్టకుండానే బోర్లా పడ్డాను. ఆమె మళ్లీ పొయ్యి మీద పెనం పెట్టింది. సిగ్గుతో చచ్చాను. పోలెలు మాత్రం కడుపునిండా తిన్నాను.

వాడు పాకితే నేనూ చేతులు, మోకాళ్ల మీద నిలిచాను. వాడు కూర్చుంటే నేనూ గోడకు ఆనకుండా కూర్చున్నాను. పెళ్లికి ముందు కూడా నా వీపు అంత నిటారుగా లేదు. ఇది నా ఒళ్లేనా అని నాకే వింత. మెల్లగా గదిలో నడిచేదాన్ని గాని, గడప ఎత్తుకు కాలు లేపాలంటే భయం.

ఒకరోజు వాడు పాకుతూ గడప మీద బొజ్జ ఇరికించుకుని, ముందుకూ వెనక్కూ పోలేక గుక్కపట్టాడు. అత్త వాకిట్లో కందులు చెరుగుతూ చూసింది, లేవలేదు. వాడు మెడ తిప్పి నావైపు చెయ్యి చాచాడు. గొంతుక్కూర్చుని, ఊపిరి వదిలి, పొట్ట బిగించి వాణ్ని ఎత్తాను. నడుం కిక్కురుమనలేదు. వాడి బరువంతా నా చంకనే ఉంది. ఏడుస్తూనే గడప దాటి వాకిట్లోకి వచ్చాను.

పిల్లలు గడప దాటితే గారెలు పంచడం మా ఇంటి ఆచారం. సాయంత్రం అత్త గారెలు తీసుకుపోతే పక్కింటామె అడిగింది:

"పిల్లగాడు అప్పుడే గడప దాటిండా?"

"వాడింక దాటలే," అంది అత్త. "వాని తల్లి దాటింది."