తొమ్మిదో ఇన్నింగ్స్‌కి సలాస్

ఒహాయోలో మార్టిన్స్ బెండ్ అనే ఊళ్లో డెల్మర్ హ్రుస్కా ఇరవై తొమ్మిదేళ్లు ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చదివాడు. ముక్కుసూటి మనిషి. సొంత బావ మీటరు పక్కనుంచి దొంగ గొట్టం వేసుకున్నాడని కనిపెట్టి, ఆ సంగతి కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చాడు. ఆ మర్నాటి నుంచి అక్క అతనితో మాట్లాడటం మానేసింది. పోనీ ఆఫీసన్నా మెచ్చుకుందా అంటే అదీ లేదు. ఆ ఏడాది ఫోర్‌మన్ పని బావతో కలిసి బీరు తాగేవాడికి దక్కింది. ఇలాంటి మనుషుల్ని లోకం పొగుడుతుంది గానీ భోజనానికి పిలవదు.

అతనికున్న సరదా ఒక్కటే, పన్నెండు ఊళ్లలో పన్నెండుమంది పోస్టు మీద నడుపుకునే బేస్‌బాల్ లీగ్. మైదానం ఉండదు, బంతీ ఉండదు. నిజం ఆటగాళ్లు కిందటేడు ఎలా ఆడారో ఆ లెక్కన అచ్చేసిన కార్డులతో ఒక్కొక్కరికీ ఓ టీం ఉంటుంది, మూడు పాచికలుంటాయి. ఎర్ర పాచిక మీద మూడులోపు పడితే కొట్టేవాడి కార్డు చూడాలి. నాలుగో అంతకు మించో పడితే బంతి విసిరేవాడి కార్డు చూడాలి. తెల్ల పాచికలు రెండూ కూడగా వచ్చిన అంకె దగ్గర ఏం రాసి ఉంటే అదే జరిగినట్టు. చూసేవాళ్లకి పిల్లలాట. డెల్మర్ పంతొమ్మిదేళ్లుగా దానికోసమే శనివారాలు బతికాడు.

ఆ పంతొమ్మిదేళ్లలో కప్పు ఒక్కసారీ రాలేదు. మూడుసార్లు చేతికందింది నోటికందలేదు. ఈ 1991లో లీగ్ పెద్ద అందరికీ ఉత్తరం రాశాడు, పై ఏటి నుంచి ఆటలన్నీ కంప్యూటరే ఆడేస్తుందని. యంత్రం గెలిచిపెట్టే కప్పు డెల్మర్‌కి అక్కర్లేదు. పాచికలు తన చేత్తో వేసి గెలవాలంటే ఇదే ఆఖరు. ఫైనల్లో అతనికి ఎదురుపడ్డవాడు ఈరీలో మందులషాపు నడిపే వెర్నన్ కుచ్టా. చెరి మూడు గెలిచారు. తేల్చే ఏడో ఆట డెల్మర్ ఇంట్లో, కింది గదిలో, శనివారం మధ్యాహ్నం.

ఈ లీగ్‌లో ఓ పద్ధతుంది. అవతలివాడు రాలేకపోతే ఏ సమయంలో ఎవర్ని దించాలో కాగితం మీద రాసి పంపుతాడు. ఇంటివాడు దాని ప్రకారం రెండువైపులా తనే ఆడి ఫలితం చెబుతాడు. సాక్షి ఉండడు. వెర్నన్ ఆవేళ మేనకోడలి పెళ్లిలో ఉన్నాడు. అందుకే కాగితం పంపాడు.

ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యేసరికి వెర్నన్ నాలుగు, డెల్మర్ మూడు. ఆఖరుదైన తొమ్మిదోదాంట్లో వెర్నన్ వైపు పరుగు రాలేదు, ఇక డెల్మర్ వైపు కొట్టాలి. దానికి కాగితంలో, "ఏం జరిగినా ఆస్ట్రాండర్ చేతే విసిరించు" అని ఉంది. డెల్మర్ వేలు అక్కడే ఆగిపోయింది. ఏ పిచరూ, అంటే బంతి విసిరేవాడు, కిందటేడు నిజంగా ఆడినదానికంటే ఎక్కువ ఇన్నింగ్స్ ఆడకూడదు. ఆస్ట్రాండర్‌కి ఎనిమిదో ఇన్నింగ్స్‌తో ఆ హద్దు అయిపోయింది. వెర్నన్ ఆ సంగతే చూసుకోలేదు. కాగితంలో రాసింది చెల్లకపోతే అతిథికి ఏది మేలో ఇంటివాడే ఆలోచించి చెయ్యాలని రూలు.

వెర్నన్‌కి విసిరేవాళ్లు ఇద్దరు మిగిలారు. మీక్స్ పేరు మోసినవాడు. అయితే ఈ ఏడు కార్డులో తూట్లున్నాయి. సలాస్ పేరు వాళ్ల వీధిలోవాళ్లకి కూడా తెలియదు గానీ కార్డు మాత్రం ఇనప్పెట్టె.

ఉతికిన బట్టల బుట్టతో దిగివచ్చిన భార్య ఆర్లీన్ అతని మొహం చూసి ఆగింది.

"ఏమైంది? పేకమేడ కూలిందా?"

అతను చెప్పాడు.

"మరింకేం, ఆ మీక్స్ అనేవాణ్ణి దింపు. పేరున్నవాణ్ణే దింపానంటావు. ఎవడు అడుగుతాడు?"

"సలాస్ మెరుగు."

"ఆ సంగతి నీకు తెలుసు. అతనికి తెలుసా?"

"నాకు తెలుసు కదా, ఆర్లీన్."

"మీ అక్క ఇంటి గొట్టం సంగతీ నీకే తెలిసింది. ఏం బావుకున్నావు?" అని బుట్ట ఎత్తుకుంది. "నీ రూల్సు తగలెయ్య. ఒక్కసారి గెలిచి చూపించవయ్యా, నేనూ కళ్లారా చూస్తాను."

అతను సలాస్‌నే దింపాడు.

డెల్మర్ వైపు మొదటి ముగ్గురికీ ఎర్ర పాచిక మూడు దాటలేదు. ఇద్దరు అవుట్, ఒకడు బేస్ మీద. అంతా కొట్టేవాళ్ల కార్డుల మీదే తేలింది కాబట్టి విసిరేది ఎవరైనా ఒకటే. ఇక టర్లీ వచ్చాడు, డెల్మర్ టీంలోకెల్లా బలమైనవాడు. బంతిని మైదానం దాటించే హోమ్ రన్ పడితే రెండు పరుగులూ, కప్పూ.

పాచికలు బల్ల మీద దొర్లాయి. ఎర్రది ఐదు. తెల్లవి కలిపి ఎనిమిది. సలాస్ కార్డులో ఐదు-ఎనిమిది దగ్గర అవుట్. అది మూడోది, దాంతో ఆట అయిపోయింది.

మీక్స్ కార్డు చూడొద్దనుకుంటూనే చూశాడు. ఐదు-ఎనిమిది దగ్గర హోమ్ రన్.

సాయంత్రం వెర్నన్ పెళ్లి విందులోంచి ఫోన్ చేశాడు. వెనక బాజాలు.

"చెప్పరా డెల్, చెప్పు!"

"నువ్వే గెలిచావు. నాలుగు-మూడు." డెల్మర్ జరిగిందంతా వరసగా చెప్పాడు.

"సలాసా?" వెర్నన్ పడీపడీ నవ్వాడు. "ఒరేయ్, వాడు నా టీంలో ఉన్న సంగతే మర్చిపోయాను! నేనైతే కళ్లు మూసుకుని మీక్స్‌ని దింపేవాణ్ణి."

డెల్మర్ గోడకు ఆనుకున్నాడు. రూలు చెప్పింది అతిథికి మేలు చెయ్యమని. ఆ అతిథి తనకు తాను చేసుకోలేని మేలు కూడా ఇతను చేసిపెట్టాడు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు.

"అన్నట్టు, మన లీగ్ పత్రికకి ఆట కథ రాసేది నువ్వే కదా," అన్నాడు వెర్నన్. "సలాస్ ఎత్తు నాదేనని రాసెయ్ రా. బాగుంటుంది."

ఆ మాట కొట్టిపారేద్దామనే డెల్మర్ కలం పట్టాడు. జరిగింది జరిగినట్టు రెండు వాక్యాలు రాశాడు. చదువుకున్నాడు. పన్నెండిళ్లలో కాఫీ తాగుతూ ఈ ముక్క చదివి, చూడండి, హ్రుస్కా తన్ను తనే ఓడించుకున్నాడు అని నవ్వే మొహాలు ఒక్కొక్కటే కనిపించాయి. దానికంటే వెర్నన్ ఎత్తుకి ఓడిపోయాననిపించుకోవడమే నయమనిపించింది.

ఆ కాగితం చింపి ఇంకోటి తీసుకున్నాడు. "తొమ్మిదో ఇన్నింగ్స్‌కి వెర్నన్ కుచ్టా సాహసించి సలాస్‌ని దింపాడు" అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. యాభై ఏడేళ్ల వయసులో అతను తెలిసి రాసిన మొదటి అబద్ధం అది. అదీ అవతలివాడికే లాభం.